వర్డ్ ఐకాన్‌లోంచి కాగితం ఎప్పుడు పోయింది?

మీ అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం మైక్రోసాఫ్ట్ వర్డ్ చరిత్రను, దాని లోగో మారుతూ వచ్చిన తీరును ఒక చార్టు మీద చూపించాలని రాశారు. నెట్‌లో దొరికిన పట్టికల్లో 1983 నుంచి వరసగా లోగోలు ఉన్నాయని, ఒక పట్టికకూ మరో పట్టికకూ పొంతన కుదరడం లేదని, ఏది నమ్మాలో తెలియడం లేదని అడిగారు. నీలం రంగు డబ్ల్యూ ఎక్కడినుంచి వచ్చిందన్నది మీ రెండో ప్రశ్న. నేను మొదట అచ్చుపనిలో, ఆ తర్వాత కంప్యూటర్ పాఠాలు చెప్పే పనిలో పాతికేళ్లకు పైగా ఈ ప్రోగ్రాంతోనే గడిపాను. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు ఒక చిక్కు విప్పాలి. మనం లోగో అని ఒకే మాటతో పిలిచేవి నిజానికి వేరు వేరు సంగతులు. అమ్మకానికి వచ్చిన పెట్టె మీద అచ్చువేసిన పేరు, దాని అక్షరాల తీరు ఒకటి. ప్రోగ్రాం తెరవడానికి తెర మీద నొక్కే చిన్న బొమ్మ, అంటే ఐకాన్, మరొకటి. మనం దాచుకున్న ఫైలు పక్కన కనబడే బొమ్మ ఇంకొకటి. వీటికి తోడు, వర్డ్, ఎక్సెల్ లాంటి ప్రోగ్రాములను కలిపి అమ్మే ఆఫీస్ అనే కట్టకు వేరే గుర్తు ఉంది. 1990లలో ఆఫీస్ పెట్టెల మీద కనబడిన నాలుగు రంగుల పజిల్ ముక్కలు ఆ కట్టవే, వర్డ్‌వి కావు. మీరు చూసిన పట్టికల్లో చాలావరకు ఈ నాలుగింటినీ ఒకే వరసలో పేర్చి ఉంటారు. పొంతన లేకపోవడానికి కారణం అదే.

కాబట్టి మొదటి దిద్దుబాటు ఇది. 1983లో వర్డ్‌కు ఐకాన్ లేదు, ఉండే వీలు కూడా లేదు. అప్పటి వర్డ్ డాస్ మీద నడిచేది. నల్లటి తెర మీద ప్రోగ్రాం పేరు టైపు చేసి ఎంటర్ నొక్కితే తెరుచుకునేది. నొక్కడానికి బొమ్మలే లేని లోకం అది. 1983 లోగో అని చూపించేది పెట్టె మీది రాత మాత్రమే.

ఆ పెట్టెలోకి వర్డ్ ఎలా వచ్చిందో చెబితేనే తర్వాతి బొమ్మలకు అర్థం తెలుస్తుంది. కథ మొదలయ్యేది మైక్రోసాఫ్ట్‌లో కాదు, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ సంస్థ నడిపిన పరిశోధన కేంద్రంలో. అక్కడ ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. దాని తెర నిలువుగా, ఒక కాగితం ఆకారంలో ఉండేది. 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ దానికోసం బ్రావో అనే ప్రోగ్రాం రాశారు. తెర మీద ఏది ఎలా కనబడుతుందో కాగితం మీద అదే అలా రావాలి అన్న ఆలోచనతో పనిచేసిన తొలి ప్రోగ్రాం అది. లావు అక్షరం లావుగా, వాలు అక్షరం వాలుగా తెర మీదే కనబడేవి. ఈ రోజు ఇది చెప్పుకోదగ్గ విషయంలా అనిపించదు. కానీ ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు బయటి ప్రపంచంలో టైపు చేసేవాళ్లు లావు అక్షరం కావాలంటే ముందొక సంకేతం, వెనకొక సంకేతం పెట్టి, అచ్చు తీసి చూస్తే తప్ప ఫలితం తెలియని స్థితిలో ఉన్నారు.

సిమోనీ బుడాపెస్ట్‌లో పుట్టిన హంగేరియన్. 1981లో జిరాక్స్ వదిలి మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. జిరాక్స్‌లోనే పనిచేసిన రిచర్డ్ బ్రోడీని తనతో తెచ్చుకున్నాడు. మొదటి వర్డ్‌లో అధిక భాగం బ్రోడీ చేతి రాతే. అప్పుడు దాని పేరు మల్టీ టూల్ వర్డ్. మైక్రోసాఫ్ట్ లెక్కల ప్రోగ్రాం పేరు మల్టీప్లాన్ కావడంతో, అదే కుటుంబం అని తెలియడానికి ఆ పేరు పెట్టారు. త్వరలోనే ముందు మాట రాలిపోయి వర్డ్ మిగిలింది. 1983 అక్టోబరులో డాస్ ప్రతి బయటికి వచ్చింది. ఆ నవంబరు పీసీ వరల్డ్ పత్రికతో పాటు దాని నమూనా ఫ్లాపీని పాఠకులకు పంచారు. పత్రికతో ఫ్లాపీ ఇవ్వడం అప్పటికి కొత్త.

ఆ మొదటి ప్రతిలో ఏముందో చూస్తే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మౌస్‌తో పనిచేసేది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన మొదటి మౌస్‌ను అమ్మకానికి పెట్టింది. దానికి రెండు పచ్చటి బొత్తాలుండేవి. తెరను విడగొట్టి ఎనిమిది కిటికీల వరకు తెరవవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, స్టైల్ షీట్ ఉంది. అంటే శీర్షిక ఇలా ఉండాలి, పేరా ఇలా ఉండాలి అని ఒక్కచోట రాసుకుంటే పత్రం మొత్తం దాన్ని పాటిస్తుంది. ఈ రోజుకీ నూటికి తొంభై మంది శీర్షికను చేత్తో లావు చేసి, చేత్తో పెద్దది చేసి, ఇరవై పేజీల తర్వాత మార్చాల్సి వచ్చినప్పుడు తల పట్టుకుంటారు. ఆ బాధకు మందు మొదటి రోజు నుంచే వర్డ్‌లో ఉంది. మీ అమ్మాయికి చార్టు అయ్యాక స్టైల్స్ వాడటం ఒక్కటి నేర్పించండి.

ఇంత ఉన్నా 1980లలో వర్డ్ గెలవలేదు. అప్పటికే వర్డ్‌స్టార్ పాతుకుపోయి ఉంది. దాని వెనకే యూటా రాష్ట్రం నుంచి వర్డ్‌పర్ఫెక్ట్ వచ్చి డాస్ లోకాన్ని ఏలింది. ఫంక్షన్ మీటల పైన అట్టముక్క పెట్టుకుని వేళ్లకు కంఠతా పట్టించుకున్న టైపిస్టులు దాన్ని వదలడానికి ఇష్టపడలేదు.

వర్డ్‌కు మొదటిసారి ఐకాన్ అవసరమైంది మెకింటాష్ మీద, 1985లో. ఆపిల్ యంత్రంలో ప్రతి ప్రోగ్రామూ, ప్రతి ఫైలూ ఒక బొమ్మగానే కనబడాలి. అందుకే మీ చార్టులో ఐకాన్ల వరస మొదలు కావాల్సిన ఏడాది 1983 కాదు, 1985. ఈ సంగతి చాలా పట్టికల్లో ఉండదు. మెకింటాష్ వర్డ్ బాగానే నడిచింది. 1987లో వచ్చిన 3.0 ప్రతి మాత్రం తప్పులతో నిండి ఉండటంతో, సరిదిద్దిన ప్రతిని కొన్నవారందరికీ ఉచితంగా పంపాల్సి వచ్చింది.

విండోస్ కోసం వర్డ్ తయారు కావడం పెద్ద ప్రయాస. లోపల దాన్ని ఓపస్ అని పిలిచేవారు. 1984లో మొదలైన పని గడువు మీద గడువు దాటుతూ 1989 చివరికి తేలింది. అప్పటి విండోస్‌లో కూడా ఐకాన్ నొక్కి ప్రోగ్రాం తెరిచే ఏర్పాటు లేదు. ఫైళ్ల పేర్లు వరసగా కనబడేవి, పేరు మీద నొక్కాలి. నడుస్తున్న ప్రోగ్రామును చిన్నది చేసినప్పుడే దాని బొమ్మ తెర అడుగున కనబడేది. 1990 మే నెలలో విండోస్ 3.0 వచ్చి, ప్రోగ్రాం మేనేజర్ అనే కిటికీలో బొమ్మలను వరసగా పేర్చాకే ఐకాన్ అనేది గుమ్మం లాంటిదైంది. వర్డ్ గుర్తు జనం కంటికి అలవాటు కావడం మొదలైంది అక్కడినుంచే.

ఇప్పుడు ఆ బొమ్మ గురించి. అప్పటి ఐకాన్ అడ్డంగా 32 చుక్కలు, నిలువుగా 32 చుక్కలు. మొత్తం 1,024 చుక్కలు, 16 రంగులు. ఇంత చిన్న గడిలో రాయడం అనే పనిని ఎలా చూపించాలి? అచ్చుపనిలో పది పన్నెండు చుక్కల ఎత్తులో తెలుగు ఒత్తులు గీసి చూసినవాడిగా చెబుతున్నాను, అంత చిన్నచోట ఒక్క చుక్క అటు ఇటు జరిగితే గీత వంకర పోతుంది. గీసినవారు రెండు వస్తువులు తీసుకున్నారు. రాతగీతలున్న తెల్ల కాగితం ఒకటి, దాని మీద పెద్ద నీలి డబ్ల్యూ ఒకటి. 1990లలో వర్డ్ 6, వర్డ్ 95, వర్డ్ 97 ఐకాన్లు చిన్న చిన్న తేడాలతో ఈ కలయిక చుట్టూనే తిరిగాయి. బ్రావో నాటి ఆలోచనకు అది సరైన బొమ్మ. తెర మీద కాగితం, కాగితం మీద అక్షరం.

నీలం సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. 16 రంగుల పలకలో తెల్ల కాగితం మీదా, విండోస్ బూడిదరంగు నేపథ్యం మీదా రెండు చోట్లా స్పష్టంగా నిలిచే ముదురు రంగులు చాలా తక్కువ. ముదురు నీలం వాటిలో ఒకటి. దానికి మరో అవసరం తోడైంది. ఆఫీస్ కట్ట మెకింటాష్ మీద 1989లో, విండోస్ మీద 1990లో మొదలైంది. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ పక్కపక్కనే కూర్చున్నప్పుడు అక్షరం చదవకముందే కన్ను గుర్తుపట్టాలి. ఎక్సెల్‌కు ఆకుపచ్చ, పవర్‌పాయింట్‌కు నారింజ ఎరుపు, వర్డ్‌కు నీలం స్థిరపడ్డాయి. ఇప్పుడు ఆ రంగులు ఎంత పాతుకున్నాయంటే, డబ్ల్యూ చెరిపేసి నీలి గడి ఒక్కటే చూపించినా ఆఫీసులో పనిచేసే మనిషి వర్డ్ అనే అంటాడు. మా దగ్గర చదువుకున్నవారిలో ఇంగ్లీషు అక్షరాలు సరిగా రాని పెద్దవాళ్లు కూడా, నీలం బొమ్మ నొక్కండి అంటే తడబడకుండా నొక్కేవారు. రంగు చేసే పని ఇంతటిదని నేను తరగతి గదిలోనే తెలుసుకున్నాను.

అంకెల గురించి మీ అమ్మాయిని ఎవరైనా అడగవచ్చు కాబట్టి ఒక మాట. విండోస్ వర్డ్ ప్రతుల్లో 1989లో ఒకటి, 1991లో రెండు, ఆ వెంటనే 1993లో ఆరు కనబడతాయి. మధ్యలో మూడు, నాలుగు, అయిదు లేవు. అప్పటికి డాస్, మెకింటాష్ ప్రతులు అయిదు దాటాయి. అన్నింటినీ ఒకే అంకె కిందికి తేవడానికి ఆరుకు దూకారు. అలాగే ఆఫీస్ లోపలి లెక్కలో 2007 ప్రతి పన్నెండు, 2010 ప్రతి పద్నాలుగు. పదమూడును వదిలేశారు.

1993 నుంచి గాలి వర్డ్ వైపు తిరిగింది. విండోస్ వైపు ఆలస్యంగా కదిలిన వర్డ్‌పర్ఫెక్ట్ 1994లో నోవెల్ అనే కంపెనీ చేతికి, 1996లో కోరెల్ అనే కంపెనీ చేతికి పోయింది. తప్పు రాసిన మాట కింద ఎర్రటి అలల గీత టైపు చేస్తుండగానే పడటం వర్డ్ 95తో వచ్చింది. ఆ గీతను చాలామంది వర్డ్ రెండో లోగో అన్నంతగా గుర్తుపెట్టుకున్నారు. వర్డ్ 97తో పాటు పేపర్ క్లిప్పు బొమ్మ వచ్చి పలకరించడం మొదలుపెట్టింది. పిల్లలకు అది నచ్చుతుంది, చార్టులో ఒక మూల పెట్టవచ్చు. దాన్ని లోగోగా మాత్రం చూపించవద్దు.

ఇక్కడ నాకు ముఖ్యమనిపించిన విషయం చెప్పాలి. ఐకాన్ మీద కాగితం ఉంది గానీ, వర్డ్ ఫైలు లోపల ఎప్పుడూ కాగితం లేదు. బ్రావో నుంచి వర్డ్‌లోకి ఒక పద్ధతి వచ్చింది. రాసిన పాఠాన్ని చెరిపి తిరగరాయకుండా, పాత పాఠం అలాగే ఉంచి, కొత్తగా చేర్చింది వేరుగా దాచి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క చదవాలో ఒక పట్టిక రాసుకోవడం. పెద్ద పత్రంలో మార్పులు చకచకా చేయడానికి, చేసిన పనిని వెనక్కి తీసుకోవడానికి ఇది చాలా తెలివైన మార్గం. దీని ఆధారంగానే పాత వర్డ్‌లో ఫాస్ట్ సేవ్ అనే సదుపాయం ఉండేది. మార్పులను మాత్రం ఫైలు చివర చేర్చి త్వరగా దాచేది. ఫలితంగా మనం చెరిపేశామనుకున్న వాక్యం ఫైలులో మిగిలిపోయే వీలుండేది. ఒకసారి నాకు అచ్చుకోసం వచ్చిన ధరల పత్రం వర్డ్‌లో సరిగా తెరుచుకోలేదు. కనీసం పాఠమైనా దొరుకుతుందని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. చెత్త గుర్తుల మధ్య, పంపినవారు చెరిపేసిన పాత ధరలు కూడా కనబడ్డాయి. వెంటనే వారికి చెప్పి, కొత్త పత్రంలోకి పాఠం ఎక్కించి పంపమన్నాను. ఆ రోజు నుంచి ఐకాన్‌లోని కాగితం చూసినప్పుడల్లా, ఇది బొమ్మే, లోపల ఉన్నది వేరు అని గుర్తుకు వచ్చేది.

తెలుగువాళ్లకు ఈ తేడా ఇంకా గట్టిగా తగిలింది. విండోస్ ఎక్స్‌పీకి ముందు మనం వర్డ్‌లో తెలుగు కొట్టామంటే, ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ఆకారాలు పెట్టిన ఫాంటు వాడామని అర్థం. తెర మీద తెలుగే కనబడేది, అచ్చులోనూ తెలుగే వచ్చేది. ఫైలు లోపల మాత్రం ఉన్నది ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. అదే ఫ్లాపీ ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పెడితే పద్యం పద్యమంతా అర్థంలేని గుర్తులయ్యేది. శ్రీ కారం కూడా మిగిలేది కాదు. 2001లో ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు, యూనికోడ్ (ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) తెలుగును సరిగా కూర్చే ఏర్పాటు వచ్చాక, వర్డ్ ఫైలులో మొదటిసారి తెలుగు తెలుగుగా నిలిచింది. వెతికితే దొరికింది, అక్షర క్రమంలో పెడితే కూర్చుంది. ఆ తర్వాత విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల ఫాంట్లు వచ్చాయి. కాగితం మీద కనబడే రూపం వేరు, లోపలి పాఠం వేరు అన్నది మనకు పుస్తకంలో చదివి తెలిసిన సంగతి కాదు, పాత ఫైళ్లు పోగొట్టుకుని తెలుసుకున్న సంగతి.

మళ్లీ బొమ్మల దగ్గరికి. 2003 ప్రతికి, 2007 ప్రతికి వచ్చేసరికి తెరలు మెరుగై, ఐకాన్‌కు లక్షల రంగులు, మెరుపు, నీడ వచ్చాయి. డబ్ల్యూ, కాగితం అలాగే ఉన్నాయి, ఒంటికి నిగారింపు పెరిగింది. నిజమైన మార్పు లోపల జరిగింది. 2007లో మెనూలు పోయి, పైన బొత్తాల పట్టీ అయిన రిబ్బన్ వచ్చింది. ఫైలు పేరు చివర ఉండే డాక్ అన్నది డాక్ఎక్స్ అయింది. డాక్ఎక్స్ అంటే నిజానికి ఒక జిప్ మూట. ఇది మీ అమ్మాయి చేత చేయించండి. ఒక డాక్ఎక్స్ ఫైలుకు నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరవమనండి. లోపల పాఠం ఒకచోట, స్టైల్స్ ఒకచోట, బొమ్మలు ఒకచోట విడివిడిగా కనబడతాయి. పేజీ అనేది ఎక్కడా కనబడదు. తెరిచిన ప్రతిసారీ వర్డ్ ఆ పేజీలను కొత్తగా కూర్చుతుంది. అందుకే ఒకే ఫైలు మీ ఇంట్లో పది పేజీలు, బడిలో పదకొండు పేజీలు కావచ్చు.

2013 ప్రతితో మెరుపులు, నీడలు అన్నీ పోయాయి. చదునైన నీలి పలక, దాని మీద తెల్ల డబ్ల్యూ, వెనక కుడివైపు కాస్త బయటికి కనబడే కాగితం. గమనిస్తే అప్పటికే కాగితం వెనక్కి జరిగింది, అక్షరానిదే పెద్ద వాటా. దీనికి ముందు ఏడాదే, 2012 ఆగస్టులో, కంపెనీ కూడా 1987 నుంచి వాడిన తన వాలు అక్షరాల గుర్తును వదిలి నాలుగు గడుల గుర్తుకు మారింది. రెండు మార్పుల్లోనూ ఒకే అభిరుచి కనబడుతుంది.

2018 నవంబరులో చూపించిన ఐకాన్‌తో కాగితం పూర్తిగా పోయింది. దాని బదులు లేత నీలం నుంచి ముదురు నీలం దాకా నాలుగు అడ్డపట్టీలు, వాటి ముందు ఎడమవైపు చిన్న పలక మీద డబ్ల్యూ. ఆ పట్టీలు రాతలోని వరుసలు. అప్పటి ఆఫీస్ డిజైన్ పెద్ద జాన్ ఫ్రైడ్‌మన్ దీన్ని వివరిస్తూ, వర్డ్‌కు పత్రం చుట్టుగీత బదులు రాతవరుసలే చూపించామని, ఎక్సెల్‌కు పూర్తి పట్టిక బదులు గడులే చూపించామని చెప్పాడు. పనిముట్టు పేరులోని అక్షరాన్ని తగ్గించి, లోపలి సరుకుకు చోటు పెంచారు. ఫోనులో, బ్రౌజరులో, ఒకే పత్రం మీద నలుగురు ఒకేసారి రాస్తున్న కాలంలో కాగితం అంచు ఎక్కడుందో చూపించడం అబద్ధమే అవుతుంది. నా దృష్టిలో వర్డ్ ఐకాన్లన్నిటిలో నిజం చెప్పింది ఇదే. అందంలో మాత్రం 1990ల నాటి చిన్న ఐకాన్‌కే నా ఓటు. 1,024 చుక్కల్లో కాగితం, రాత, అక్షరం మూడూ చూపించడం మామూలు పనితనం కాదు.

2025 అక్టోబరులో మళ్లీ మార్చారు. మూలలు గుండ్రబడ్డాయి, పట్టీలు వంపు తిరిగాయి, రంగుల మధ్య మార్పు మరింత మెత్తనైంది. నాలుగు పట్టీలు మూడయ్యాయి, బాగా చిన్న సైజులో కూడా విడివిడిగా కనబడాలని.

చార్టు ఎలా వేయాలో కూడా అడిగారు. పెట్టెల వరస పైన, ఐకాన్ల వరస కింద, రెండు వరసలుగా గీయమనండి. పై వరస 1983లో మొదలవుతుంది, కింది వరస 1985లో. ఆఫీస్ పజిల్ గుర్తును రెండింటిలోనూ పెట్టవద్దు. కింది వరసలో ప్రతి ఐకాన్ కింద అందులో కాగితం ఎంత భాగం ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టమనండి. 1990లలో మొత్తం, 2013లో ఒక అంచు, 2018లో సున్నా. ఇంకా ఆసక్తి ఉంటే, 2014 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్ వర్డ్ 1.1ఏ మూల కోడ్‌ను కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా అందరికీ చదవడానికి ఇచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలోనే మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ కంపెనీ పగ్గాలు చేపట్టారు. ఆ కోడ్ సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. ఎనిమిదో తరగతికి అది పెద్ద మాటే, కానీ ఓపస్ అన్న పేరు ఆ ఫోల్డర్ మీద ఇప్పటికీ ఉంది. చూపిస్తే తప్పకుండా సంతోషిస్తుంది.